అద్దాల కొట్టు గడుగ్గాయి

మా అన్నయ్య కూతుర్ని బడివాళ్లు సెలవులకు ముందే ఇంటికి పంపేశారు. అందరికీ సెలవులు ఇచ్చేశారనుకుని అది గంతులేసుకుంటూ వచ్చింది. అందరికీ కాదు, దానికొక్కదానికే ఇచ్చారు. అది నీళ్ల సీసా విసిరితే పక్క పిల్ల నుదుటి మీద బొప్పి కట్టిందట. "సెలవుల్లో కాస్త దారికి తెచ్చుకోండమ్మా. ఇలాగే ఉంటే ఒకటో తరగతిలోకి మేం తీసుకోలేం" అని హెడ్‌మాస్టరమ్మ మా వదినకు మర్యాదగానే చెప్పింది. తిట్టినా బాగుండేది, తిరిగి నాలుగు మాటలు అనడానికి వీలుండేది. వదిన దారంతా ఏడుపు ఆపుకుని, ఇంట్లోకి వచ్చి తలుపు వేసుకున్నాక ఏడ్చింది.

వస్తువులు విసిరే పిల్ల ఏ ఇంట్లో ఉన్నా కష్టమే. మాదేమో అద్దాల కొట్టు. కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో మూడు గోడలకూ నేల నుంచి పైకప్పు దాకా అద్దాలే. నాన్న వీధివైపు బల్ల దగ్గర కూర్చుని బేరాలు చూస్తాడు. అన్నయ్య ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకుని, అద్దాలు బిగించి వస్తాడు. వదిన ఫ్రేములు కడుతుంది. గాజు కోసేది నేను. ఆడపిల్ల చేతికి కట్టర్ ఇస్తావా అని నాన్నను అడిగిన పెద్దమనుషులందరి ఇళ్లలోనూ ఇప్పుడు నేను కోసిన అద్దాలే ఉన్నాయి. వాళ్లు రోజూ వాటిలోనే తల దువ్వుకుంటున్నారు.

గడుగ్గాయి అనే పేరు దానికి పెట్టింది కూడా నేనే. బడిలో రాసిన పేరుతో పిలిస్తే వేరెవరినో అనుకుని పలకదు. ఆరేళ్ల పిల్ల. మాటలు తేనె, చేతులు పిడుగులు. ఆగు అన్నా, వద్దు అన్నా చేతిలో ఏది ఉంటే అది గాల్లోకి లేచేది. ఆ వెంటనే పిల్ల నేల మీద వెల్లకిలా పడి, వీధి చివరి దుకాణం దాకా వినబడేలా అరిచేది. మేమంతా కళ్లలో వత్తులు వేసుకుని కూర్చున్నా వారానికో అద్దం పోయేది.

బడివాళ్లు పంపేసిన రోజు సాయంత్రమే అన్నయ్య తేల్చి చెప్పేశాడు.

"ఊరి అవతల పిల్లల హాస్టల్ ఉంది. అక్కడ క్రమశిక్షణ నేర్పుతారట. బడి తెరిచేలోపు ఇది మారకపోతే తీసుకెళ్లి అక్కడ చేర్పించేస్తా."

"ఆరేళ్ల పిల్లనా?" అంది వదిన.

"ఏం చేయమంటావు మరి? బతిమాలి చూశాం, తిట్టి చూశాం, అడిగిందల్లా కొనిపెట్టి చూశాం. రేపు ఎవరి కన్నో పోతే?"

మా అన్నయ్య రాతి గుండెవాడేమీ కాదు. భయమేస్తే గొంతు పెంచే రకం. అయినా ఆ మాట వినగానే నా గుండెల్లో రాయి పడింది. ఆ పిల్ల నా ఒళ్లో పెరిగింది. పొద్దున్నే కొట్టు తెరిచేటప్పుడు అది నా వెనక లేకపోతే నాకు ఆ రోజు మొదలైనట్టే ఉండదు.

మా వదిన నెమ్మదస్తురాలు. నాలుగు మాటలు కావాల్సిన చోట ఒకటి మాట్లాడుతుంది. అలాంటి మనిషి పిల్లల ఆసుపత్రిలో కనుక్కుని బిహేవియర్ థెరపిస్టు దగ్గర సమయం తీసుకుని వచ్చింది. నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"పిల్లకేం పిచ్చా, వెర్రా? మొక్కగా ఉన్నప్పుడే వంచాలి. రెండు తగిలిస్తే అదే వంగుతుంది."

"పిచ్చి కాదు మామయ్యగారూ, అలవాటు. దాన్ని మాన్పించే పద్ధతి ఉందట. నేను వెళ్తున్నాను" అంది వదిన.

వదిన వెళ్తుంటే అన్నయ్య బయల్దేరాడు. వాళ్లిద్దరూ సరిగ్గా చెప్పరని నేను బయల్దేరాను. నేను ఎక్కువ చెబుతానని నాన్న బయల్దేరాడు. చివరికి కొట్టుకు తాళం పెట్టి అందరం వెళ్లాం.

ఆ గదిలో ఒక తివాచీ, ఒక ప్లాస్టిక్ తొట్టి నిండా బొమ్మలు ఉన్నాయి. థెరపిస్టు సన్నగా, తీరుబడిగా మాట్లాడే మనిషి. గడుగ్గాయిని బొమ్మల దగ్గర వదిలేసి మా వైపు తిరిగింది.

"పాప ఎందుకు విసురుతుందని నేను అడగను. విసిరే ముందు ఏం జరిగింది, విసిరాక ఏం జరిగింది, ఆ రెండూ చెప్పండి."

"ముందేం జరగలేదండీ. ఊరికే విసిరింది" అన్నాడు నాన్న.

"ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?"

"బేరం చేస్తున్నా. ఇది తాతయ్యా, తాతయ్యా అని చెవిలో జోరీగలా పోరుతోంది. తర్వాత అన్నా."

"విసిరాక?"

"పరిగెత్తుకుంటూ వెళ్లా. గాజు ఎక్కడైనా గుచ్చుకుందేమోనని కాళ్లూ చేతులూ చూసి ఎత్తుకున్నా."

"మరి బేరం?"

"బేరం పోయింది" అన్నాడు నాన్న, తగ్గిన గొంతుతో.

ఒక్కొక్కరినీ అడిగింది. అన్నయ్య "తర్వాత చూద్దాం" అంటాడు. వదిన "ఒక్క నిమిషం" అంటుంది. నేను "ఈ ముక్క అయ్యాక" అంటాను. అది ఏదైనా విసిరితే నలుగురం చేతిలో పని వదిలేసి పరిగెత్తుతాం.

"అందరూ తర్వాత అంటున్నారు. ఆ తర్వాత ఎప్పుడైనా వచ్చిందా?" అని అడిగింది థెరపిస్టు.

నాన్న అన్నయ్యవైపు చూశాడు, అన్నయ్య నావైపు చూశాడు.

"విసిరితే మాత్రం నలుగురూ వెంటనే వచ్చేస్తున్నారు. పాప తెలివైంది. ఏది పనిచేస్తే అది చేస్తోంది."

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు. మా ఇంట్లో అడిగితే పెట్టం, విసిరితే పెడతాం. ఆ పిల్ల ఈ సంగతి మాకంటే ముందే కనిపెట్టింది. నాకు దాని మీద కోపం పోయి మా నలుగురి మీదా వచ్చింది.

పద్ధతి వినడానికి చాలా తేలిగ్గా ఉంది. ముందు, దెబ్బ తగిలే వస్తువులు దానికి అందకుండా తీసేయాలి. కొట్లో ఒక మూల మెత్తటి పరుపు, స్పాంజి బంతులు పెట్టాలి. విసరడం మానేసి నోటితో అడగడం నేర్పాలి. దానికి ఒక చిన్న మాట చాలు, "నన్ను చూడు" అని. ఆ మాట అన్న మరుక్షణం చేతిలో పని ఆపి చూడాలి. అరిస్తే మాత్రం చూడకూడదు, మాట్లాడకూడదు. దెబ్బ తగిలేలా ఉంటే మాట లేకుండా అడ్డుకోవాలి, అంతే. ఇక మంచి పని ఏది చేసినా అప్పటికప్పుడు, ఆ పని పేరు చెప్పి మరీ మెచ్చుకోవాలి.

"మొదట్లో అరుపులు పెరుగుతాయి. కంగారు పడకండి, తర్వాత తగ్గుతాయి" అంది.

"మీరు కూడా తర్వాత అంటున్నారేంటండీ" అన్నాడు అన్నయ్య. ఆమె నవ్వింది కానీ మాట మార్చలేదు.

అన్నిటికంటే కష్టమైంది మెచ్చుకోవడం. మా గాజు పనిలో ఒక పట్టింపు ఉంది. కట్టర్‌తో గాజు మీద గీత గీశాక, ఆ గీత వెంట ముక్క విడేదాకా ఎవరూ బాగుందనకూడదు. అంటే పగులుతుందని మా తాత నమ్మాడు, ఆయన్ని చూసి నాన్న నమ్మాడు. ముక్క శుభ్రంగా విడిపోయాక కూడా "పగల్లేదుగా" అంటారు తప్ప, భేష్ అన్న మాట నేను పుట్టి బుద్ధెరిగాక ఆ కొట్లో వినలేదు.

మొదటి రోజు నాన్న గొంతు సవరించుకుని, "ఇవాళ మా మహాతల్లి ఇంకా ఏదీ బద్దలు కొట్టలేదు" అన్నాడు.

"అలా కాదు మామయ్యగారూ. ఏం చేయలేదో కాదు, ఏం చేసిందో చెప్పాలి" అంది వదిన.

తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. నాన్న చాలాసేపు ఆలోచించి, కోర్టులో సాక్ష్యం చెబుతున్నవాడిలా నిటారుగా నిలబడ్డాడు. "నువ్వు ఇందాక తలుపు నెమ్మదిగా వేశావు. బాగుంది."

గడుగ్గాయి తాతను పైనుంచి కిందిదాకా చూసింది. తర్వాత తలుపు చూసింది. ఆ రోజు కొట్టు కట్టేసేదాకా అది తలుపు తీస్తూ, నెమ్మదిగా వేస్తూ, వేసిన ప్రతిసారీ తాత మొహం చూస్తూనే ఉంది. పాపం, కిటికీ అద్దం కోసం వచ్చిన మేస్త్రీకి లోపలికి రావాలో, బయటే ఉండాలో అర్థం కాలేదు. చివరికి ఆయన కూడా "తలుపు భలే వేస్తున్నావమ్మా" అనేసి, దారి దొరకగానే లోపలికి దూరాడు.

మెచ్చుకోవడం అలా పడుతూ లేస్తూ ముందుకు సాగింది. రోజూ దాని చేత "నన్ను చూడు" అనిపించేవాళ్లం, అది చిలకలా అప్పజెప్పి, అవసరం వచ్చేసరికి మరిచిపోయేది. అరుపులు మాత్రం తగ్గలేదు. అది పరుపు మీద పడి గీపెట్టగానే నలుగురం ఠక్కున వీపులు తిప్పేసేవాళ్లం. వదిన పెదవి కొరుక్కుంటూ ఫ్రేము పట్టుకునేది. నేను కట్టర్ పక్కన పెట్టి గోడవైపు తిరిగి నిలబడేదాన్ని. ఎవరూ చూడటం లేదు, ఎవరూ మాట్లాడటం లేదు. అయినా అది రోజు రోజుకీ కొత్త కొత్త భంగిమల్లో, అలుపు లేకుండా అరిచేది. కొన్నిసార్లు అరుపు మధ్యలో కాస్త హుషారు కూడా వినబడేది.

పెరిగి తగ్గుతుందన్నది పెరుగుతూనే ఉంటే మనిషికి నమ్మకం ఎంతకాలం నిలుస్తుంది? అన్నయ్య ఒక రోజు హాస్టల్‌కు వెళ్లి చూసి, వార్డెన్‌కు మాట ఇచ్చి వచ్చాడు. "మంచాలు శుభ్రంగా ఉన్నాయి" అన్నాడు, ఎవరూ అడక్కపోయినా.  వదిన కొట్లోకి వెళ్లి థెరపిస్టుకు ఫోన్ చేసింది. "మేడమ్, మీరు చెప్పినట్టే చేస్తున్నాం. ఒక్కసారి వచ్చి చూడండి" అని అడిగింది. ఆ గొంతు విని ఎవరైనా వస్తారు.

ఆమె మర్నాడే వచ్చింది. చేతి అద్దం కొనేదానిలా ఒక మూల నిలబడి, ఇవీ అవీ తిరగేస్తోంది. ఎంతోసేపు కాలేదు, గడుగ్గాయి నా కొలబద్ద కావాలంది, నేను వద్దన్నాను. స్పాంజి బంతి ఎగిరింది, పిల్ల పరుపు మీద పడింది, అరుపు మొదలైంది. మేం నలుగురం నేర్చుకున్న పాఠం ప్రకారం వీపులు తిప్పాం. పరీక్షలో మంచి మార్కులు వస్తాయని నాకు నమ్మకంగా ఉంది.

కాసేపటికి థెరపిస్టు చేతిలో అద్దం కింద పెట్టి నా పక్కకు వచ్చింది.

"మీరు ఇప్పుడు ఏం చూస్తున్నారు?" అంది మెల్లగా.

"ఏమీ చూడటం లేదు. గోడవైపు తిరిగి ఉన్నాను కదా."

"గోడ మీద ఏముంది?"

గోడ మీద అద్దం ఉంది. అద్దంలో పరుపు ఉంది. పరుపు మీద గడుగ్గాయి తల కొద్దిగా పైకెత్తి, నా కళ్లలోకే చూస్తూ, నేను చూస్తున్నానని ఖాయం చేసుకుని మళ్లీ గొంతెత్తింది. ఎదురుగోడలో నాన్న మొహం కనబడుతోంది, పక్కగోడలో వదిన, ఆ వెనక అన్నయ్య. నలుగురం నాలుగు అద్దాల్లోంచి దాన్నే చూస్తున్నాం. మామూలుగా అయితే అది ఒకేసారి నలుగురి మొహాలు చూడగలిగేది కాదు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేం అద్దాల కొట్లో పుట్టి పెరిగినవాళ్లం. వచ్చిన మనిషివైపు తిరిగి చూడం. అద్దంలోనే చూస్తాం, అద్దంలోనే పలకరిస్తాం, బేరం కూడా అద్దంలోనే చేస్తాం. అది చూడటం కిందికి వస్తుందన్న సంగతే మాకు తట్టలేదు. నలుగురు పెద్దవాళ్లం ఇన్ని వారాలు ఆ పిల్లకు వీపులు చూపిస్తూ, ఎదురుగా కూర్చుని నాటకం చూసినట్టు చూశాం.

"తప్పు మీది కాదు, గోడలది" అంది థెరపిస్టు, నవ్వు ఆపుకుంటూ.

నాన్న లేచాడు. వీధివైపు నిలువుటద్దాన్ని రెండు చేతులతో పట్టుకుని గోడవైపు తిప్పి ఆనించాడు. ఆ అద్దం చూసే సగం మంది మా కొట్లోకి వస్తారు. దాని మీద దుమ్ము పడితే నాన్నకు అన్నం సహించదు. తర్వాత పక్క అద్దం తిప్పాడు. అన్నయ్య కూడా వెళ్లి ఒక చెయ్యి వేశాడు. తిప్పడానికి వీల్లేనివాటికి వదిన పాత దుప్పట్లు కప్పింది. సాయంత్రానికి మా కొట్టు చెక్కల గోదాములా తయారైంది. వీధిన పోయేవాళ్లు ఆగి, "వ్యాపారం మార్చారా?" అని అడిగారు. "లేదు, సరుకు సిగ్గుపడుతోంది" అన్నాడు నాన్న.

మర్నాడు నాట్యం నేర్పే హాలు వాళ్లు అడిగిన పెద్ద అద్దం పలక బల్ల మీద పరిచి గీత మొదలుపెట్టాను. అప్పుడే అరుపు మొదలైంది. ఆ రోజు అరిచినట్టు అది మళ్లీ ఎప్పుడూ అరవలేదు. ఒక్కో గోడవైపూ చూసింది, దుప్పట్లు కనబడ్డాయి. మొహాలు ఎక్కడా దొరకలేదు. అరుపు ఎక్కేకొద్దీ వదిన సుత్తితో ఇంకా గట్టిగా కొట్టింది. నేను కట్టర్ మీదే చూపు పెట్టి గీత లాగుతున్నాను.

ఉన్నట్టుండి కొట్టు నిశ్శబ్దమైంది.

"అత్తా, నన్ను చూడు."

గొంతు బొంగురుపోయింది. గీత అప్పటికి పలక సగం దాకా వచ్చింది. గీత మధ్యలో ఆపితే పలక దండగ. మళ్లీ అక్కడినుంచి అందుకున్నా గాజు మన మాట వినదు, దానికి తోచిన దారిలో విరుగుతుంది. ఆ సంగతి నాకు కట్టర్ పట్టిన మొదటి రోజే నాన్న చెప్పాడు.

కట్టర్ పైకెత్తి వెనక్కి తిరిగాను.

"చూస్తున్నా. ఎంత బాగా అడిగావు. ఏం కావాలి?"

అది కాసేపు నన్ను అనుమానంగా చూసింది. ఇంత తొందరగా జరుగుతుందని అనుకోలేదేమో. తర్వాత నోరు తెరిచి కింది పన్ను వేలితో ఆడించింది.

"కదులుతోంది. పొద్దుట్నుంచీ."

వదిన వచ్చింది, నాన్న వచ్చాడు. ముగ్గురం వంగి ఆ పన్ను చూశాం. ఇంత గొడవా ఒక పన్ను చూపించడానికని తలచుకుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పలక పోయింది నాన్నా" అన్నాను.

"పోతే పోయింది. ఏదమ్మా, ఇంకోసారి ఆడించు" అన్నాడు నాన్న.

అక్కడినుంచి అంతా పూల బాట అయిందని చెబితే అబద్ధం. ఒక రోజు బాగుండేది, మరో రోజు స్పాంజి బంతులు ఎగిరేవి. మధ్యమధ్యలో థెరపిస్టు దగ్గరికి వెళ్లి వస్తూనే ఉన్నాం. వట్టి "తర్వాత" అనడం మానేసి, "ఈ గీత అయ్యాక", "ఈయన వెళ్లాక" అని అది కళ్లతో చూడగలిగే హద్దు చెప్పడం నేర్చుకున్నాం. హద్దు దాటగానే మేం మాట నిలబెట్టుకునేవాళ్లం. అది కూర్చుని ఎదురుచూడటం నేర్చుకుంది. అద్దాలు ఒక్కొక్కటే మళ్లీ ఇటు తిరిగాయి. సెలవులు అయ్యేనాటికి దానికి ఆ మాట ఎంత అలవాటైందంటే, కొట్లోకి వచ్చిన ప్రతివాడికీ "నన్ను చూడండి" అని కొత్త పాటో, పిల్లిమొగ్గో చూపించేది. అరుపులే నయమేమో అని నాన్న గొణిగాడు, కానీ నవ్వుతూ గొణిగాడు.

వదిన దాన్ని తీసుకుని బడికి వెళ్లి వచ్చింది. హెడ్‌మాస్టరమ్మ ఒక పూట తరగతిలో కూర్చోబెట్టి చూసి, చేర్చుకుంటామని చెప్పింది. అన్నయ్య మాత్రం తేల్చలేదు. "ఇప్పుడు బాగానే ఉంది. మళ్లీ మొదలైతే? వార్డెన్‌కు మాటిచ్చాను. చూద్దాం" అన్నాడు. మూడు రోజుల్లో అటో ఇటో చేరాలి. మా వదిన ఒక సంచిలో బట్టలు సర్దేది, మళ్లీ తీసి బీరువాలో పెట్టేది.

మర్నాటి సాయంత్రం అందరం బల్ల చుట్టూ భోజనానికి కూర్చున్నాం. గడుగ్గాయి వాళ్ల నాన్న పక్క కుర్చీలో ఉంది. చేతిలో నీళ్ల గ్లాసు ఉంది. దాన్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది.

"నాన్నా, నన్ను చూడు."

అన్నయ్య కలుపుతున్న ముద్ద ఆపి చూశాడు.

"నన్ను హాస్టల్‌కి పంపకు."

మేం ఆ మాట దాని ముందు ఎప్పుడూ ఎత్తలేదనే అనుకున్నాం. ఆరేళ్ల పిల్ల చెవులు గోడ చాటునా వింటాయని మాకు ఎవరు చెప్పాలి? అది అరవలేదు, గ్లాసు విసరలేదు. మేం నేర్పినట్టే, నోటితో, నెమ్మదిగా అడిగింది. ఇక జవాబు చెప్పాల్సింది మేం.

అన్నయ్య నోరు తెరిచాడు. ఏ మాట రాబోతోందో నాకు తెలుసు, చిన్నప్పటినుంచీ వింటున్నాను. బల్ల కింద నుంచి ఒక తన్ను తన్నుదామని కాలు చాచాను. వదిన కాలు నాకంటే ముందే అక్కడికి చేరింది.

"పంపను" అన్నాడు అన్నయ్య.

"ఎప్పుడూనా?"

"ఎప్పుడూ పంపను."

అది ఇంకా అతని మొహం మీదినుంచి చూపు తిప్పలేదు. "నేను మళ్లీ విసిరినా?"

 అన్నయ్య కుర్చీ దానివైపు తిప్పుకున్నాడు.

"విసిరినా పంపను. విసిరితే ఇక్కడే, ఈ ఇంట్లోనే ఉండి మళ్లీ నేర్చుకుందాం. నువ్వూ నేర్చుకో, నేనూ నేర్చుకుంటా."

 గడుగ్గాయి కుర్చీలో నిటారుగా కూర్చుని, చెయ్యి చాచి వాళ్ల నాన్న భుజం తట్టింది.

"నాన్నా, నువ్వు అడగ్గానే చెప్పావు. చాలా బాగుంది."

మా కొట్లో పుట్టి ఇంతవాడైన మా అన్నయ్యను ఎవరైనా మెచ్చుకోవడం అదే మొదటిసారి. ఎంగిలి చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు, కారం అంటి ఇంకాస్త ఏడ్చాడు.